మేయరమ్మ ఎదుటి కుర్చీ

మేయరమ్మ పోయిందని జనవరిలో ఒక మధ్యాహ్నం మా పిన్ని ఫోన్ చేసి చెప్పింది. వెంటనే తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. అమ్మ "ఇంక నువ్వెక్కడుంటావే? ఆ ఇల్లు వాళ్ళవాళ్ళెవరన్నా అమ్మేస్తారేమో. లీజు కాగితం రాసుకున్నావా?" అని అడిగింది. పక్కనుంచి అన్నయ్య గొంతు వినబడింది. "ఇంటి ఓనరమ్మ పోతే ఎవరన్నా ఇంతలా ఏడుస్తారా? దీనికి ఆ చలికి బుర్ర గడ్డకట్టింది."

మావాళ్ళకి నేనెప్పుడూ సరిగ్గా అర్థం కాలేదు. ఐర్లండు వచ్చి కార్లోలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు గదులు మారితే దీనికి నిలకడ లేదన్నారు. మౌనంగా కూచుంటే పొగరన్నారు, నోరు విప్పితే ఎదురు చెబుతోందన్నారు. ఇప్పుడు ఒక మనిషి పోయిందని ఏడిస్తే, గది పోయిందని ఏడుస్తున్నాననుకున్నారు. ఫోన్లో ఎంత చెప్పినా వాళ్ళకి ఎక్కలేదు. ఆవిడెవరో తెలియని మీకైనా చెబుదామని ఇది రాస్తున్నాను.

ఆవిడ ఫ్రెంచి మనిషి. ఉత్తర ఫ్రాన్సులో ఒక చిన్న పట్టణానికి మేయరుగా చేసింది, తర్వాత పారిస్‌లో పార్లమెంటు సభ్యురాలిగా కూచుంది. అంతకు ముందు చాలా ఏళ్ళు గాజు సీసాలు చేసే ఒక పెద్ద కంపెనీలో పనిచేసి డైరెక్టరు దాకా ఎదిగింది. నేను ఎరిగేనాటికి ఇవేవీ లేవు. స్లైగోలో సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద, ఒక పాత ఇంట్లో ఒంటరిగా ఉంటున్న డెబ్బై దాటిన పెద్దావిడ. వేరే దేశంలోని ఊరితో స్నేహం కలుపుకుని జంట ఊళ్ళని పేరు పెట్టుకోవడం ఇక్కడి పట్టణాల్లో మామూలు. అలాంటి కమిటీతో కలిసి ఫ్రాన్సు వెళ్ళిన ఐరిష్ పశువుల డాక్టరు ఒకాయన ఆవిడకి పరిచయమయ్యాడు. పార్లమెంటు ఎన్నికల్లో ఓడిపోయిన ఏడాదే ఆయన్ని పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చేసింది. "ఓటర్లు వెళ్ళమన్నారు, ఆయన రమ్మన్నాడు. ఆలోచించడానికి ఏముంది?" అనేది. ఆయన పోయి చాలా కాలమైంది.

నేను ఆ ఇంటికి చేరింది మొదటి లాక్‌డౌన్‌లో. రాజధాని శివార్లలో, చెర్రీవుడ్‌లో ఉన్న మా ఆఫీసు మూసేసి అందర్నీ ఇళ్ళనుంచే పనిచెయ్యమన్నారు. మా కంపెనీలో ఎవరు చేరారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అన్న లెక్కలు చూడటం నా పని. దానికి లాప్‌టాప్ ఉంటే చాలు. ఇరుకు ఫ్లాట్‌లో ఇంకో ముగ్గురితో రోజంతా ఉండలేక, స్లైగో ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న మా పిన్నిని వచ్చేస్తానని అడిగాను. "మా ఇంటికొద్దు తల్లీ, నేను కోవిడ్ వార్డులో చేస్తున్నా. నీక్కూడా అంటించి మీ అమ్మ చేత తిట్లు తినలేను" అంది. రెండ్రోజుల్లో తనే ఈ గది చూసిపెట్టింది. మేయరమ్మ అన్న పేరు కూడా పిన్ని పెట్టిందే. "పదవి పోయి ఎన్నేళ్ళయితే ఏంటి? మనూళ్ళో సర్పంచి గారు చచ్చేదాకా సర్పంచి గారే కదా!" అంది. నేను ఎదురుగా మేడం అనేదాన్ని. ఆవిడకి నామీద కోపం వస్తే మాత్రం నేను 'మద్మొజెల్', అంటే ఫ్రెంచిలో 'కుమారి గారు', అయిపోయేదాన్ని.

అలా పిలిపించుకునే సందర్భాలు చాలానే వచ్చాయి. రొట్టె పళ్ళెంలో పెట్టుకోకుండా బల్లమీదే తుంచుకుని తినేది. నేను వెనకాలే గుడ్డ పట్టుకుని రొట్టె పొడి తుడుస్తుంటే, "మద్మొజెల్, నేను ఇంకా తింటున్నాను, చచ్చిపోలేదు" అనేది. పప్పులో వెన్న వేసుకుని స్పూనుతో తాగేది. మా అమ్మ పంపిన ఆవకాయ నాలిక్కి తగలగానే కళ్ళు మూసుకుని, "ఇది పచ్చడి కాదు, రాజకీయ అభిప్రాయం" అంది. ఎలా ఉన్నావన్నా, వానొస్తోందన్నా, కాలు విరిగిందన్నా ఇక్కడివాళ్ళు 'గ్రాండ్' అంటారు. ఆ మాటంటే ఆవిడకి ఒళ్ళు మంట. "ఈ దేశంలో శవాన్ని లేపి అడిగినా గ్రాండ్ అంటుంది" అని విసుక్కునేది. ఇంట్లోంచి గేటు దాకా వెళ్ళాలన్నా లిప్‌స్టిక్ వేసుకునేది. పైన మాస్క్ పెట్టుకుంటారు కదా, ఎవరికి కనబడుతుందని అడిగాను. "నాకు తెలుస్తుంది" అంది.

గేటు దగ్గర ఆవిడ చేసే పని ఒకటుండేది. ఫ్రాన్సులో మేయర్లు వారంలో ఒక పూట తలుపు తీసుకుని కూచుంటారట. అపాయింట్‌మెంటు అక్కర్లేదు. ఊళ్ళో ఎవరైనా వచ్చి ఎదుటి కుర్చీలో కూచుని చెప్పుకోవలసింది చెప్పుకోవచ్చు. పదవి పోయినా, దేశం మారినా ఆవిడ ఆ అలవాటు మానలేదు. శనివారం పొద్దున ఇంటిముందు కారు నిలిపే రేకుల కింద రెండు కుర్చీలు వేయించి ఒకదాంట్లో కూచునేది. రోగం రోజుల్లో ఆ రెండో కుర్చీని దూరంగా జరిపింది తప్ప తీసెయ్యలేదు. ఇళ్ళనుంచి రెండు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదన్న రోజులవి. వ్యాయామం పేరుతో ఆ రోడ్డున నడిచేవాళ్ళు ఆగేవారు. చెత్తబండి రాలేదని ఒకరు, మనవడు ఫోన్ ఎత్తడం లేదని ఒకరు. ఆవిడ సలహా ఇచ్చేది కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వినేది. మొదట్లో నేను టీ తీసుకెళ్ళి నిలబడి, వాళ్ళ మాట పూర్తవకుండానే ఏ ఆఫీసుకి ఫోన్ చెయ్యాలో చెప్పేసేదాన్ని. ఒకసారి ఒకాయన వెళ్ళాక నావైపు తిరిగి, "నువ్వే అడుగుతావు, జవాబూ నువ్వే చెబుతావు. ఇంక ఆయన ఎందుకొచ్చినట్టు?" అంది.

ఒక శనివారం గార్డ్స్ కారు వచ్చి ఆగింది. ఇక్కడ పోలీసుల్ని గార్డ్స్ అంటారు. కుర్రగార్డు దిగి, "ఏంటండీ ఇది, జనాన్ని పోగేస్తున్నారని ఎవరో చెప్పారు" అన్నాడు.

"ఒక కుర్చీలో ఎంతమంది పడతారు నాయనా?" అంది మేయరమ్మ.

"ఒకళ్ళే అనుకోండి."

"ఆ ఒక్కళ్ళూ ఇప్పుడు లేరు. నువ్వు కూచో. నిలబడి మాట్లాడితే నాకు మెడ పట్టేస్తుంది."

అతను అటూ ఇటూ చూసి కూచున్నాడు. వాళ్ళమ్మ వృద్ధాశ్రమంలో ఉందని, కిటికీ అద్దం బయటనుంచే చూసి వస్తున్నానని, ఆవిడ అద్దం మీద చెయ్యి పెడితే తను ఇవతల పెడుతున్నానని చెప్పాడు. లేచి వెళ్ళేటప్పుడు, "ఇది అందరూ చేస్తే కుదరదండీ" అన్నాడు. "అందరూ చెయ్యరు, నీకా భయం అక్కర్లేదు" అంది ఆవిడ.

మా పిన్నికి ఈ వ్యవహారమంతా విడ్డూరంగా ఉండేది. ఎండాకాలంలో ఒక ఆదివారం, ఆన్‌లైన్‌లో ఆరాధన అయ్యాక, మా ఇద్దరికీ బిర్యానీ తెచ్చింది. తన ఒంటిమీద ఆసుపత్రి గాలి ఉంటుందని భయం. డబ్బా గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి, కారు వైపు పరుగు తీసింది. మేయరమ్మ పై కిటికీ తెరిచి కేకేసింది. కారులో ఉన్న పిన్ని కూతురు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, అద్దం దించి, "మామ్, షీ ఈజ్ కాలింగ్ యూ, యూ కాన్ట్ జస్ట్ లెగ్ ఇట్!" అని అరిచింది, అలా పరిగెత్తకూడదని.

పిన్ని గేటు బయట నిలబడింది. మేయరమ్మ కిందికి దిగివచ్చి, ఎలా ఉన్నావు, నిద్ర పడుతోందా, డ్యూటీలో మాస్క్ గీతలు పడ్డాయే అని దూరంనుంచే అడిగింది. పిన్ని పొడిపొడిగా జవాబులు చెబుతూ చెబుతూ, ఉన్నట్టుండి ఏడ్చేసింది. ఆ వారంలో తన చేతుల్లో ఎవరెవరు పోయారో చెప్పింది. మా బాబాయికి కూడా చెప్పలేదట. ఇంటికెళ్ళాక నాకు ఫోన్ చేసి, "మీ మేయరమ్మ నన్నెందుకు ఏడిపించింది? బిర్యానీ ఇవ్వడానికొస్తే ఇదేం గోలే!" అని తిట్టింది. ఆ తర్వాత మాత్రం డబ్బా పెట్టి పారిపోలేదు.

ఆ బిర్యానీ తింటూ మేయరమ్మ తను చేసిన పొరపాటు ఒకటి చెప్పింది. అక్కడ ప్రతి ఊళ్ళో ఏడాదికోసారి మునిసిపాలిటీ వాళ్ళు ముసలివాళ్ళందరికీ విందు చేస్తారట. హాలు, బల్లలు, వైను, అకార్డియన్ వాయించేవాడు. కంపెనీనుంచి కొత్తగా వచ్చిన మేయరు కదా, ఆ ఖర్చు చూసింది, వచ్చేవాళ్ళ కంటే రాలేనివాళ్ళే ఎక్కువున్నారని చూసింది. విందు ఆపించి, ఊళ్ళో ప్రతి ముసలివారి గుమ్మంలోకీ మంచి తిండి సామాను నింపిన పెట్టె పంపించింది. ఒక్కరికి కూడా అందకుండా పోలేదు. "కంపెనీలో అయితే నాకు బహుమతి ఇచ్చేవారు" అంది. ఊరు ఊరంతా ముఖం తిప్పుకుంది. కసాయి కొట్లో ఆవిడకి అందరి తర్వాతే మాంసం కోసేవాడట. "వాళ్ళకి ఆకలి లేదు. ఏడాదికోసారి బీరువాలోంచి మంచి కోటు తీసి వేసుకోవడానికి ఒక చోటు కావాలి. ఆ చోటు నేను తీసేసుకుని, బదులుగా బాతు మాంసం డబ్బా ఇచ్చాను." మరుసటి ఏడు విందు మళ్ళీ పెట్టించి, ఏప్రన్ కట్టుకుని తనే వడ్డించిందట. అప్పుడు కూడా కొందరు ఆవిడ చేతినుంచి పళ్ళెం అందుకోలేదట.

నవంబరులో నా సంగతి మొదలైంది. మా కంపెనీ ఐరోపా ఆఫీసుల్లో మనుషుల్ని తగ్గించాలనుకుంది. అందుకు ఒక చిన్న టీము కడుతూ నన్ను రమ్మన్నారు. హోదా పెరుగుతుంది, జీతం పెరుగుతుంది, అన్నిటికంటే ముఖ్యం, నా వర్క్ పర్మిట్ ఆ కొత్త పోస్టు మీద పొడిగిస్తారు. ఇప్పటి పర్మిట్‌కి ఇంక కొన్ని నెలలే ఉంది. అమ్మ ఫోన్లోనే ప్రార్థన చేసి దేవుడికి స్తోత్రాలు చెప్పింది. అన్నయ్య వీధిలో అందరికీ చెప్పేశాడు. పని ఏమిటని మాత్రం ఎవరూ అడగలేదు. పని ఏమిటంటే, ఉద్యోగం పోయినవాళ్ళకి ఆ మాట వీడియో కాల్‌లో చెప్పడం.

ఆ సాయంత్రం మేయరమ్మ సూప్ కోసం లీక్స్ అనే లావుపాటి ఉల్లికాడలు తరుగుతోంది. విషయం చెప్పాను. తలెత్తకుండా వింది.

"నేను మేయరయిన ఊరికి మొదటిసారి వెళ్ళింది ఓట్లడగడానికి కాదు, తెలుసా? ఫ్యాక్టరీ మూసెయ్యడానికి" అంది.

ఆవిడ నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. అప్పుడావిడ వయసు నా వయసుకి దగ్గరలోనే ఉంటుంది. అంత చిన్న వయసులో అంత పెద్ద పని అప్పగించారని లోపల గర్వంగా కూడా ఉండేదట. కంపెనీ కారులో వెళ్ళింది. క్యాంటీన్‌లో బల్లలు పక్కకి జరిపి అందర్నీ నిలబెట్టారు. ఆవిడ ఎత్తు పీట మీద నిలబడి కాగితం చదివింది. "చదువుతున్నంతసేపూ వెనక తలుపు బయట మా డ్రైవరు కారు ఇంజను ఆపకుండా ఉంచాడు. ఆ చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. వాళ్ళకీ వినబడే ఉంటుంది." చదవడం అయిపోగానే ఆ తలుపులోంచి వెళ్ళిపోయింది.

తర్వాత కంపెనీలో ఇంకా పైకి వెళ్ళింది. డైరెక్టరయింది. ఒకరోజు అన్నీ మానేసి అదే ఊళ్ళో ఇల్లు తీసుకుని ఎన్నికల్లో నిలబడింది. పారిస్‌లో స్నేహితులు పిచ్చెక్కిందన్నారు. ఊరివాళ్ళు మొదటిసారి చిత్తుగా ఓడించారు. రెండోసారి గెలిపించారు. "నామీద ప్రేమతో కాదు, పాత మేయరు మీద విసుగుతో" అంది.

గెలిచాక శనివారాలు తలుపు తీసుకుని కూచుంటే, ఒకావిడ వచ్చేదట. ఫ్యాక్టరీలో సీసాలు పెట్టెలకెత్తే పనిచేసిన మనిషి. వచ్చి ఎదుటి కుర్చీలో కూచునేది. ఏమీ మాట్లాడేది కాదు. కాసేపుండి లేచి వెళ్ళిపోయేది. మళ్ళీ వారం మళ్ళీ వచ్చేది. నెలలు గడిచాయి. చివరికి మేయరమ్మే అడిగింది, మీకేం కావాలని.

"ఆవిడేమందో తెలుసా? ఆ రోజు నేను వెనక వరసలో ఉన్నాను, మీరు తొందరగా వెళ్ళిపోయారు, మీ ముఖం సరిగ్గా కనబడలేదు, చూద్దామని వస్తున్నాను, అంది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? కూచున్నాను."

నేను మళ్ళీ అడిగాను. "మేడం, ఆ రోజు మీరు చెయ్యనంటే?"

"ఇంకొకణ్ణి పంపేవారు. వాడు అందరికీ పోస్టులో ఉత్తరాలు పంపి ఊరుకునేవాడు. ఫ్యాక్టరీ ఎలాగూ మూతపడేది. ఈ సంగతి నాకు నేను ఇన్నేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నాను. అది నిజం కూడా. నిజమైనంత మాత్రాన ఒరిగిందేమీ లేదు."

"అయితే నన్ను వద్దనమంటారా?"

"సలహాలన్నీ పార్లమెంటులో ఖర్చయిపోయాయి. అప్పుడు కూడా వినేవాళ్ళు నిద్రలో ఉన్నారు" అంది. ఆ తర్వాత, "ఒక్కటి కనుక్కో. చెప్పేటప్పుడు ఎలా చెప్పిస్తారు నీచేత?" అంది.

మేనేజరుని అడిగాను. చాలా మంచిగా మాట్లాడాడు. నామీద ఒత్తిడి పడకుండా అన్నీ ఆలోచించామన్నాడు. ఏం చెప్పాలో రాసిచ్చేస్తారు, చదివితే చాలు. అవతలివాళ్ళ మైకులు ఆపేసి ఉంటాయి. నాకు ఇబ్బందిగా ఉంటే నా కెమెరా ఆపేసుకోవచ్చు. చదవడం పూర్తవగానే కాల్ దానంతటదే ముగిసిపోతుంది.

వంటింట్లోకి వచ్చి మేయరమ్మకి అదంతా చెప్పాను. చేతిలో కత్తి బల్లమీద పెట్టింది.

"అయితే ఇప్పుడు కారు కూడా అక్కర్లేదన్నమాట" అంది.

నేను మేనేజరుని జనవరి నెలాఖరు దాకా గడువు అడిగాను.

క్రిస్మస్ అయిన కొద్దిరోజులకి ఆవిడకి జ్వరం వచ్చింది, నాకూ వచ్చింది. ఎవరినుంచి ఎవరికో తెలియదు. నాది దగ్గుతో సరిపోయింది. ఆవిడకి ఊపిరి అందలేదు. అంబులెన్సు వాళ్ళు వచ్చి, పైనుంచి కిందిదాకా కప్పుకున్న దుస్తుల్లో, ఎలా ఉన్నారని అడిగారు. "గ్రాండ్" అంది. ఏళ్ళ తరబడి తిట్టిన మాట. వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. లిప్‌స్టిక్ వేసుకుంటే గాని బయల్దేరనంది, వేసుకుంది.

చూడటానికి ఎవర్నీ రానివ్వని రోజులు. పైగా నేను ఇల్లు కదలకూడదు. పిన్నిని అప్పటికి వేరే వార్డుకి మార్చినా, డ్యూటీ మధ్యలో దొరికిన కాస్త సమయంలో వెళ్ళి చూసి వచ్చేది. పోయిన రోజు ఫోన్లో చెప్పింది. "ఆ డ్రస్సులో, ఆ మాస్కులో నన్నెలా గుర్తుపట్టిందో తెలియదే. కూచోమని చేత్తో చూపించింది. నాకవతల పని ఉంది. నిలబడే చెయ్యి పట్టుకున్నా. మళ్ళీ చూపించింది. సరే అని కుర్చీ లాక్కుని కూచున్నా. మాటేం లేదు. నన్నే చూస్తా ఉంది. అట్టానే పోయింది" అంది.

అంత్యక్రియలకి పదిమందికే అనుమతి. ఫ్రాన్సునుంచి మేనల్లుడు రాలేకపోయాడు. నేను గడప దాటకూడదు కనక చర్చిలో జరుగుతున్నది లాప్‌టాప్‌లో చూశాను. కెమెరా పైన ఎక్కడో బిగించి ఉంది. ఖాళీ బల్లలు, ఫాదరు నడినెత్తి, పెట్టె అంచు తప్ప ఏమీ కనబడలేదు. ధ్వని తెగుతూ తెగుతూ వచ్చింది. సగంలో మూసేశాను.

శవాన్ని తీసుకెళ్ళే కారు పోయిన మనిషి ఇంటిముందు కాసేపు ఆగడం ఇక్కడి ఆచారం. ఆ సంగతి నాకు తెలియదు. రోడ్డు పొడుగునా మనుషులు దూరం దూరంగా వచ్చి నిలబడుతుంటే కిటికీలోంచి చూసి ఎందుకా అనుకున్నాను. చెత్తబండి రాలేదని చెప్పుకున్నాయన ఉన్నాడు. ఆ కుర్రగార్డు ఉన్నాడు, ఆరోజు డ్యూటీ బట్టల్లో లేడు. పిన్ని కోటు కింద నర్సు దుస్తులతోనే వచ్చి గేటు పక్కన నిలబడింది. సన్నగా వాన. నల్లకారు నెమ్మదిగా వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. కారు పైకప్పు మీద వాన పడుతున్న చప్పుడు నాకు మూసిన కిటికీలోంచి కూడా వినబడింది. కాసేపటికి కారు కదిలింది. జనం అది మలుపు తిరిగేదాకా నిలబడి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

అమ్మ రోజూ ఫోన్ చేస్తోంది. "నువ్విప్పుడు బాధలో ఉన్నావు, బాధలో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, ఆ ఉద్యోగానికి ఒప్పేసుకో" అంటోంది. ఆ మాటలో తిరకాసు ఆవిడకి కనబడటం లేదు. ముసలావిడ నా బుర్ర చెడగొట్టి పోయిందని అన్నయ్య నమ్మకం. పిన్ని ఒక్కతే అసలు మాట అడిగింది. "ఆవిడ కూడా అప్పుడు ఆ కాగితం చదివే కదే పైకొచ్చింది? చదవకపోతే డైరెక్టరూ లేదు, మేయరూ లేదు. నువ్వు మాత్రం ఎందుకొద్దనాలి?" నిజమే. చదివింది, పైకొచ్చింది. ఆ తర్వాత బతుకంతా ఆ ఎదుటి కుర్చీ తియ్యలేకపోయింది కూడా.

ఆ టీములో నేను చేరడం లేదు. మేనేజరుకి చెప్పాను. అమ్మకీ చెప్పాను. పర్మిట్ జూన్ దాకా ఉంది. ఈలోగా వేరే పని చూసుకుంటాను.